పరిగెత్తినవాడి పంచనామా

గంజాయి మోసేవాడు పరిగెత్తడు. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే ఈ మాట మీకెవరైనా చెప్పాలి. చెప్పరు. అందుకే నేను రాస్తున్నాను.

సరుకున్నవాడు కారులో కదలకుండా కూచుంటాడు. అద్దం దించి "నమస్తే సార్, ఏమన్న ప్రాబ్లమా?" అని నవ్వుతాడు. నోరు మాత్రం ఎండిపోయి ఉంటుంది. నీళ్ల సీసా చేతికిస్తే ఒక్క గుక్కలో సగం లాగేస్తాడు. మేం పట్టుకున్నవాళ్లను అలాంటి ఎండిన నోళ్లను బట్టి పట్టుకున్నాం. వెనక టైర్లు కుంగిన తీరును బట్టి పట్టుకున్నాం. పనసకాయల లోడులోంచి పచ్చి ఆకు వాసన వస్తే పట్టుకున్నాం. పరిగెత్తాడని ఒక్కణ్ణి కూడా పట్టుకోలేదు.

మరి మా చెక్‌పోస్టు పాత కేసుల కట్టలు విప్పి చూడండి. ప్రతి ముద్దాయీ పరిగెత్తే ఉంటాడు. ఆ పరుగులన్నీ నేను పెట్టించినవే.

మాది కారేపల్లి దగ్గరి పల్లె. పదో తరగతి దాటలేదు. కానిస్టేబులుగా చేరి హెడ్ కానిస్టేబులుగా దిగిపోయాను. ఎక్కువ కాలం భద్రాచలానికి ఎగువన దుమ్ముగూడెం దారిలో పోలీసు చెక్‌పోస్టులో రైటర్‌ని. స్టేషన్ కాగితాలన్నీ రాసేవాణ్ణి రైటర్ అంటారు. కాగితం గట్టిగా ఉంటేనే కేసు నిలబడుతుంది కాబట్టి ఎస్సైలు మారినా రైటర్‌ని మార్చరు.

డ్యూటీ లేని రోజున గ్రంథాలయం తెరవకముందే గేటు దగ్గర ఉండేవాణ్ణి. లైబ్రేరియన్ తాళం నా చేతికిచ్చి టీకి పోయేవాడు. అక్కడే చట్టం చదివాను. కోర్టు తీర్పులు చదివాను. మనకు పేరైనా తెలియని దేశాల చరిత్రలు చదివాను. డిగ్రీలున్న అధికారులు సెక్షన్ నంబరు గుర్తురాక నా వంక చూసేవారు. అప్పుడు వెంటనే చెప్పేవాణ్ణి కాను. ఒక్క నిమిషం ఆగి చెప్పేవాణ్ణి. ఆ నిమిషమంటే నాకు చాలా ఇష్టం.

ఒకసారి మంచి కేసొకటి కోర్టులో పోయింది. సరుకు నిజం, మనిషి నిజం. ముద్దాయి తరఫు లాయరు మా ఎస్సైని బోనులో నిలబెట్టి అడిగాడు: "ఇన్ని బండ్లు పోతుంటే ఈయన్నే ఎందుకు ఆపిండ్రు? ముందే సమాచారం ఉందా?" ఉందన్నాడు ఎస్సై. "సమాచారం ఉంటే రాసి పై అధికారికి పంపాలని చట్టంలో ఉంది. పంపిన కాగితం ఏది?" కాగితం లేదు. కేసు పోయింది.

నాకు అవమానమనిపించింది. వారం రోజులు గ్రంథాలయంలో కూచుని దారి వెతికాను. ముందే సమాచారం ఉందంటే కాగితం చూపాలి. లేదంటే అనుమానం ఎందుకొచ్చిందో చెప్పాలి. మమ్మల్ని చూసి పరిగెత్తాడంటే రెండు బాధలూ ఉండవు. అప్పుడు పంచనామాలో పెట్టడానికి ఈ వాక్యం కట్టాను: "సదరు వ్యక్తి మమ్ములను చూసి తత్తరపడి పారిపోవుటకు ప్రయత్నించగా వెంబడించి పట్టుకొంటిమి."

తర్వాత మేం పెట్టిన కేసు నిలబడింది. దాని తర్వాతదీ నిలబడింది. పక్క చెక్‌పోస్టువాళ్లు వచ్చి జిరాక్సు తీసుకెళ్లారు. ఎర్రుపాలెం వైపు పనిచేసే పాత మిత్రుడొకడు ఫోన్లో రెండుసార్లు చెప్పించుకుని రాసుకున్నాడు. కారు సీటుకు అతుక్కుని కూచున్నవాళ్లను కూడా మేం కాగితం మీద పరిగెత్తించాం. కుంటివాణ్ణి ఒకణ్ణి పరిగెత్తించాం. ఆ సంగతి చెప్పుకుని స్టేషన్లో నవ్వుకున్నాం కూడా. సరుకు నిజంగానే దొరికింది కదా, ఎలా దొరికిందన్న చోట ఒక అబద్ధముంటే ఎవరికి నష్టం? అలా అనుకున్నాం. నేనే అనుకున్నాను.

ఇక నాకు కోపం తెప్పించే సంగతికి వస్తాను.

అడవిలో అన్నలు తగ్గిపోయారు. వాళ్ల కోసమని దించిన కేంద్ర బలగాలు మాత్రం తగ్గలేదు. ముళ్లకంచెల మధ్య క్యాంపులు, క్యాంపుల్లో తుపాకులు, వాటికి పని లేదు. పైన ఏసీ గదిలో ఎవరికో బుద్ధి పుట్టింది, వీళ్లను గంజాయి మీదికి పంపిస్తే పోలేదా అని. మత్తుమీద యుద్ధమని ప్రకటించారు. యుద్ధమన్నాక సైన్యం కావాలి కదా.

కచ్చితంగా చెప్పాలంటే వాళ్లు సైన్యం కాదు. ఆ తేడా ఏ చట్టంలో ఎలా ఉందో నేను చదివాను, ఇప్పుడైనా చెప్పగలను. కానీ దుమ్ముగూడెం అడవి పల్లెల్లో వాళ్లు మిలిటరోళ్లే. తుపాకీకి ఎదురుగా ఉన్నవాడికి ఆ తేడా ఏం పనికొస్తుంది? మందుపాతరలు వెతకడం నేర్చుకున్నవాడికి సంచులు వెతికే పనిచ్చారు. పొదలో ఏది కదిలినా శత్రువే అని ఏళ్ల తరబడి నేర్పి, ఇప్పుడు పొదలో కదిలేవాడికి హక్కులున్నాయి, ఆపి మర్యాదగా అడగమన్నారు. ఆ మాట కూడా వాళ్లకు రాని భాషలో అడగాలి. దూరదేశాల్లో మత్తుమందుల మీదికి సైన్యాన్ని దించినప్పుడు ఏం జరిగిందో గ్రంథాలయంలో చదివాను. సరుకు తగ్గలేదు. శవాలు పెరిగాయి. అక్కడా మొదట చప్పట్లే కొట్టారు.

ఉమ్మడి తనిఖీలకు ముందు మీటింగు పెట్టారు. వాళ్ల కమాండర్ హిందీలో మాట్లాడుతుంటే మా ఎస్సై తెలుగులో చెబుతున్నాడు. ఎస్సైది సత్తుపల్లి వైపు. చెడ్డవాడు కాదు, పైనుంచి ఏ మాటొచ్చినా కాదనలేనివాడు. కమాండర్ మా పాత కేసులన్నీ చదివించుకుని వచ్చాడు. చదివి పనిచేసే మనిషంటే నాకు గౌరవం. ఆయన వేలెత్తి చెప్పిన దాన్ని ఎస్సై తెలుగు చేశాడు:

"ఇక్కడ సరుకు మోసేవాడికి ఒక గుర్తుందంట. ప్రతి కేసులోనూ బలగాన్ని చూడగానే పారిపోతున్నాడంట. కాబట్టి పరిగెత్తినవాణ్ణే ముందు ఆపాలంటున్నారు సారు. ఎలాగైనా సరే ఆపాలంట."

అప్పుడు నాకేమనిపించిందో దాచకుండా చెబుతాను. మొదట గర్వమనిపించింది. పదో తరగతివాడి వాక్యం హిందీలోకి పోయి కమాండర్ నోట పలికిందని. అది అబద్ధమని ఆయనకు తెలియదన్న సంగతి ఆ తర్వాతే తట్టింది.

నా పక్కన మా చెక్‌పోస్టు మహిళా కానిస్టేబులు కూచుంది. దుమ్ముగూడెం అవతలి కోయగూడెం పిల్ల. అక్కడివాళ్లతో వాళ్ల భాషలో మాట్లాడటానికి మాకున్నది ఆమె ఒక్కతే. మోచేత్తో నన్ను పొడిచింది.

"సార్, చెప్పండి. ఎవరూ ఉరకలేదని చెప్పండి."

"ఇప్పుడా?"

"ఇంకెప్పుడు? మా గూడెపోళ్లు అన్నిటికీ ఉరుకుతరు సార్. కోడి తప్పిపోయినా ఉరుకుతరు. గట్లెట్ల ఊకుంటరు మీరు?"

ఊరుకున్నాను. లేచి "సార్, అది నేను అల్లింది" అంటే ఏమవుతుంది? నిలబడ్డ కేసులన్నీ కూలతాయి. అంతకంటే ముందు నా పరువు కూలుతుంది. మీటింగు తర్వాత సమోసా పెట్టారు. తిన్నాను.

తొమ్మిది రోజుల తర్వాత సంతరోజు పొద్దున, కల్వర్టు దగ్గర తనిఖీ. రోడ్డు మీద మేం, రోడ్డు పక్క పొదల్లో వాళ్లు. భద్రాచలం పోయే బస్సును ఆపాను. ఎక్కి చూశాను, దిగాను. అంతా సరేనన్న గుర్తుగా బస్సు ఒంటి మీద అరచేత్తో రెండు దెబ్బలు వేశాను. కండక్టర్ విజిల్ వేశాడు. బస్సు కదిలింది.

అప్పుడే అడవి బాట మీంచి ఒక మనిషి రోడ్డెక్కాడు. నలభై దాటిన రైతు. భుజాన సంచి. కదులుతున్న బస్సును చూసి చెయ్యెత్తి పరిగెత్తాడు.

పొదలోంచి హిందీలో కేక వినపడింది. ఇంజను హోరులో అది ఆయనకు వినపడిందో లేదో. ఇంకో కేక. ఆయన బస్సు వంకే చూస్తూ పరిగెడుతున్నాడు. నేను "వద్దు, వద్దు" అని అరిచాను. ఎవరికి అరిచానో నాకే తెలియదు. ఒక్క తూటా పేలింది. ఆయన కుడి మోకాలు పట్టుకుని పక్కకు పడిపోయాడు. సంచి నోరు విడి ఎండు ఇప్పపువ్వు రోడ్డంతా చెదిరింది. సంతలో అమ్ముకోవడానికి తెచ్చుకున్న ఇప్పపువ్వు తప్ప ఆ సంచిలో ఇంకేం లేదు.

కాల్చిన జవాను అందరికంటే ముందు పరిగెత్తుకొచ్చాడు. ఇరవై నాలుగో ఇరవై ఐదో ఉంటాయి. తన దగ్గరున్న గుడ్డకట్టు తీసి ఆయన కాలికి కట్టాడు. ముడి రెండుసార్లు జారితే మళ్లీ కట్టాడు. "మాఫ్ కరో, మాఫ్ కరో" అంటూనే ఉన్నాడు. అతణ్ణి తిట్టాలని చాలాసార్లు చూశాను. నావల్ల కాలేదు. పరిగెత్తేవాణ్ణి ఆపమన్నారు, ఆపాడు. తిట్టాల్సినవాళ్లు అక్కడ లేరు. ఆ రోజే కాదు, ఏ రోజూ వాళ్లు అక్కడ ఉండరు.

మా జీపులోనే భద్రాచలం దవాఖానాకు తీసుకెళ్లాం. కానిస్టేబులు ఆ కాలును ఒళ్లో పెట్టుకుని వాళ్ల భాషలో ఏదో చెబుతూనే ఉంది. సారపాక దిక్కు కాగితం మిల్లు గొట్టాల పొగ కనపడే దగ్గర ఆయన కళ్లు తెరిచి నన్ను చూసి అడిగాడు: "బస్సు పోయిందా?"

సాయంత్రం స్టేషన్లో ఎస్సై తెల్లకాగితాలు నా ముందు పెట్టాడు. కాల్పులు ఎందుకు జరిగాయో కాగితం మీద ఉండాలి. దాన్ని బట్టి ఆ రైతు మీద కేసు: విధులకు ఆటంకం కలిగించాడని, సరుకును అడవిలో విసిరేసి ఉంటాడని అనుమానం. కాలు నయమైతే దవాఖానా నుంచి నేరుగా జైలుకే.

"నేనైతే రాయలేనండీ," అన్నాను.

"ఏవయ్యా, నిన్ను అబద్ధం రాయమన్నానా?" ఎస్సై గొంతు పెద్దది చేయలేదు. "ఇన్నాళ్లూ పరిగెత్తనోళ్లని పరిగెత్తాడని రాశావ్. ఇవాళ నిజంగా పరిగెత్తినోడు దొరికితే చెయ్యి రావట్లేదా? పరిగెత్తాడా లేదా, అది చెప్పు."

"పరిగెత్తాడండీ."

"మరి రాసెయ్."

రాశాను. ఎస్సై మీదికి తోసేయడం తేలికే, కానీ ఆ చెయ్యి నాది. మా చెక్‌పోస్టు చరిత్రలో ఆ వాక్యం మొదటిసారి నిజమైంది. నేను రాసిన వాటన్నిటిలోకీ పెద్ద అబద్ధం కూడా అదే.

నాలుగు రోజుల తర్వాత ఆయన వేలిముద్ర కోసం దవాఖానాకు వెళ్లాను. కానిస్టేబులు కూడా వచ్చింది. మంచం పక్కన కాపలా పెట్టారు. కాలు తొడ దాకా కట్టులో ఉంది. మోకాలు ఇక మడతపడదని డాక్టరు చెప్పాడట.

"నా మీద ఏం రాసిండ్రో సదువు సారూ. నేను ఇంట," అన్నాడు.

చదివాను. కళ్లు మూసుకుని విన్నాడు. మొత్తం అయ్యాక తెరిచాడు.

"అయిపోయిందా?"

"అయిపోయింది."

"బస్సేది?"

"ఏం బస్సు?"

"బస్సు సారూ. నువ్వే గదా దాని మీద రెండు దెబ్బలేసి పొమ్మన్నవ్. అది పోతాంటేనే గదా నేను ఉరికింది." ఆయనకు కోపం రాలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. "పొదను రాసినవ్. మిలిటరోళ్లను రాసినవ్. నా సంచిల పువ్వు ఎంతుందో అది కూడ రాసినవ్. గంత పెద్ద బస్సు నీకు కనవళ్లేదా?"

నేను వేలిముద్ర ప్యాడ్ మూత పెట్టేశాను. మెట్లు దిగుతుంటే కానిస్టేబులు నా ముఖం చూడకుండా అంది: "మా నాయన కూడ బస్సుకు ఉరుకుతడు సార్. సంతరోజు తప్పకుండ ఉరుకుతడు."

కాల్పుల మీద విచారణకు రెవెన్యూ అధికారి ఒకాయన వచ్చాడు. నాకింకా అయిదు నెలల ఉద్యోగముంది. రెక్సిన్ సంచి నిండా పాత పంచనామాల నకళ్లు, ఆ రోజు బస్సు నంబరు నేనే రాసుకున్న తనిఖీ రిజిస్టరు పట్టుకుని వెళ్లాను. బయట బెంచీ మీద ఎస్సై సంచి చూసి అర్థం చేసుకున్నాడు.

"నీకు పిచ్చా? నీ నోటి దురదకి కేసులన్నీ పోతాయ్. దొంగలు బయటికొస్తారు."

"వస్తారండీ."

"నీ మీదే కేసు పడుద్ది."

"పడుద్దండీ."

"లైబ్రరీలో ఇదేనా నేర్చుకుంది?"

ఆ మాట దెబ్బలా తగిలింది. ఎందుకంటే ఆ వాక్యం నేను లైబ్రరీలోనే నేర్చుకున్నాను.

విచారణాధికారి అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఆ వ్యక్తి పారిపోయాడా?"

నకళ్లన్నీ ఆయన బల్ల మీద పరిచాను. ఒక్కోదాని మీద వేలు పెట్టి చూపించాను. ఆయన చదివాడు, తిప్పాడు, మళ్లీ చదివాడు.

"అన్నిటిలో ఒకటే వాక్యముందేమిటి?"

"నేనే కట్టాను సార్. ఇందులో ఒక్కరు కూడా పరిగెత్తలేదు. వీళ్ల దగ్గర సరుకుంది. ఈ రైతు పరిగెత్తాడు. ఈయన దగ్గర సరుకు లేదు. పరిగెత్తింది బస్సు కోసం. బస్సును పొమ్మన్నది నేను. పరిగెత్తేవాణ్ణి ఆపమని వాళ్లకు నేర్పింది కూడా నా కాగితాలే."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మీరు చెప్పేది రికార్డవుతుంది. తెలుసుగా?"

"రికార్డు చేయడమే నా ఉద్యోగం సార్."

కండక్టర్‌ని పిలిపించారు. "నేను విజిలేసిన. గాయన చెయ్యెత్తిండు. ఆపుదామనేలోపే ఢాం అన్నది. ఎక్కేటోడు ఉరకక ఏం జేస్తడు?" అన్నాడతను.

రైతు మీద కేసు తీసేశారు. ఆయన జైలుకు పోలేదు. అంతవరకే. కాల్పులు సదుద్దేశంతో జరిగాయని నివేదిక తేల్చింది. తుపాకీని పొదలో పెట్టమన్నవాడి ప్రస్తావన ఆ నివేదికలో ఎక్కడా లేదు. మేమంతా ఉన్నాం, వాడు లేడు. నాకు మెమో ఇచ్చారు. నా వాంగ్మూలం పట్టుకుని లాయర్లు రెండు కేసులు కొట్టేయించారు. అందులో ఒకడు అసలైన దొంగ. కోర్టు బయట నన్ను చూసి "సార్, చాయ్ తాగుదాం రండి" అని చెయ్యి పట్టుకున్నాడు. నా నిజానికి అందిన మొదటి సన్మానం అదే. ఎస్సై ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. రిటైర్మెంట్ రోజు దండ కానిస్టేబులే వేసింది.

ఈమధ్య ఉద్యోగంలో చేరిన ఇద్దరు గ్రంథాలయంలో నన్ను గుర్తుపట్టి పంచనామా రాయడం నేర్పమన్నారు. ఇప్పుడంతా ట్యాబ్‌లోనే. తెరిచి చూపించారు. పేరు రాయకముందే, ఊరు రాయకముందే నా వాక్యం అచ్చయి ఉంది. తీసేయండి అన్నాను. "తీసేయనియ్యదు సార్. అది దానంతటదే వస్తది," అన్నారు. లైబ్రేరియన్ బయటికొచ్చి చూసేంత గట్టిగా అరిచాను. వాళ్ల తప్పేం లేదు. కానీ మీరు ఈ రాసింది చదువుతున్నారు కాబట్టి చెబుతున్నాను. ఆ వాక్యం కింద ఖాళీ ఉంటుంది. అక్కడ బస్సు రాయండి. ఏది కనపడితే అది రాయండి. తుపాకీ ఉన్న మనిషి పక్కన నిలబడి రాయాల్సి వస్తే ఇంకా గట్టిగా రాయండి. మీరు రాసింది చదివి అతను కాలుస్తాడు.

పోయిన నెల ఆ గూడేనికి వెళ్లాను. ఆయన కర్ర పట్టుకుని నన్ను రోడ్డు దాకా దిగబెట్టాడు. సంతకు పోయేవాళ్లు అయిదారుగురు మాతోనే బాట దిగారు. కల్వర్టు దగ్గర పొదలు అలాగే ఉన్నాయి. పొదల్లో మనుషులూ అలాగే ఉన్నారు, కేంద్ర బలగాల కంపెనీ మాత్రం మారిందట. మేం రోడ్డెక్కేసరికి బస్సు ఆగి ఉంది. మాకూ దానికీ మధ్య యాభై గజాలుంటాయి. విజిల్ వినపడింది, బస్సు కదిలింది. నేను అలవాటుగా చెయ్యెత్తి రెండడుగులు పరుగు పెట్టాను.

వెనక నుంచి ఆయన నా చొక్కా గుంజి పట్టుకున్నాడు.

తిరిగి చూశాను. ఒక్కరూ కదల్లేదు. సంచులు భుజాన ఉన్నాయి, చేతులు పక్కకు వేలాడుతున్నాయి. బస్సు మలుపు తిరిగేదాకా అందరూ అలాగే నిలబడ్డారు.

"ఉరకకు సారూ," అన్నాడాయన. "పోతే పోనీ. రేపు ఇంకోటి వస్తది."